పాత ట్రాక్టర్ ఇంజన్‌కు బోల్టు, స్టడ్డు దొరకకపోతే: వెతకడం ఎలా, చేయించుకోవడం ఎలా

ముంగారు వానలకు ముందు, దుక్కులు మొదలయ్యే వేళకు ప్రతి ఏడూ ఇదే ప్రశ్న వస్తుంది. “అన్నా, మా నాయన కొన్న మాస్సీ. మేనిఫోల్డ్ స్టడ్డు విరిగింది. కర్నూలులో ఏ షాపుకు పోయినా లేదంటున్నారు.” బండి పేరు మారుతుంది, ఇంటర్నేషనల్ బి-275 అవుతుంది, ఫోర్డ్ 3600 అవుతుంది, హెచ్‌ఎంటీ అవుతుంది. ప్రశ్న మాత్రం అదే. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. స్టడ్డు అంటే తల లేకుండా రెండు కొసలా థ్రెడ్డు (మర) ఉండే బోల్టు.

అసలు చిక్కు చాలాసార్లు అడిగే తీరులో ఉంటుంది. “బి-275 స్టడ్డు ఉందా?” అంటే షాపాయన లేదనే అంటాడు, ఆ పేరుతో ఆయన దగ్గర పెట్టె లేదు మరి. “3/8 అంగుళం, ఒకవైపు యూఎన్‌సీ, ఒకవైపు యూఎన్‌ఎఫ్, మొత్తం పొడవు రెండున్నర అంగుళాలు” అంటే అదే షాపులో అల్మరా తెరుస్తాడు. యూఎన్‌సీ అంటే ముతక థ్రెడ్డు, యూఎన్‌ఎఫ్ అంటే సన్న థ్రెడ్డు. బోల్టుకు ట్రాక్టర్ పేరుతో పని లేదు, సైజు తెలిస్తే చాలు. ఆ సైజు మీ చేత్తో మీరే తేల్చుకోవాలి.

ముందు ఒక హెచ్చరిక

కొన్ని బోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ లేత్ మీద చేయించకండి. కనెక్టింగ్ రాడ్ బోల్టులు, క్రాంక్ షాఫ్ట్ మెయిన్ బేరింగ్ బోల్టులు, ఫ్లైవీల్ బోల్టులు ఈ జాబితాలో మొదటివి. ఇవి నిమిషానికి వేలసార్లు లాగుడుకు, కుదుపుకు గురవుతాయి. ఒక్కటి తెగితే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది, ఇంజన్ అక్కడితో పోయినట్టే. ఇవి దొరకకపోతే నెల పట్టినా సరే, కంపెనీ సామాను తెప్పించుకోండి. గుజిరీ షాపులో పాత ఇంజన్ నుంచి ఊడదీసినవీ వాడకండి. అవి ఎంత సాగి ఉన్నాయో కంటికి కనిపించదు.

సిలిండర్ హెడ్ స్టడ్లను కూడా నేను కొనమనే చెబుతాను. చేయించక తప్పకపోతే ఏం చేయాలో కింద రాశాను.

మేనిఫోల్డ్ స్టడ్లు, వాటర్ పంపు బోల్టులు, టైమింగ్ కవర్, ఆయిల్ సంప్, ట్యాపెట్ కవర్, రేడియేటర్, డైనమో బ్రాకెట్లవి మాత్రం ధైర్యంగా వెతుక్కోవచ్చు, చేయించుకోవచ్చు.

కావలసినవి

వెర్నియర్ ఒకటి. డిజిటల్‌ది ఉంటే అంగుళాల్లోనూ మిల్లీమీటర్లలోనూ చూపిస్తుంది. పిచ్ గేజ్ ఒకటి, పిచ్ అంటే ఒక పన్నుకూ పక్క పన్నుకూ మధ్య దూరం. మామూలుగా దొరికే గేజ్‌లో మెట్రిక్ ఆకులు, విట్‌వర్త్ ఆకులు ఉంటాయి, లెక్క తేల్చడానికి అది చాలు. వైర్ బ్రష్, కిరోసిన్, గట్టి వెలుతురు, చిన్న ఆకురాయి, సెంటర్ పంచ్, మూలమట్టం, టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కూడా కావాలి. టార్క్ పానా సొంతంగా లేకపోతే షెడ్డులో అడిగి తెచ్చుకోండి, అంతేగానీ లేకుండా హెడ్ జోలికి పోవద్దు. ట్యాపులు (రంధ్రంలో థ్రెడ్డు కోసేవి), డైలు (కడ్డీ మీద థ్రెడ్డు కోసేవి) లేత్ షాపులో ఉంటాయి.

1. విరిగిన ముక్కను పారేయకండి

కిరోసిన్‌లో నానబెట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, థ్రెడ్డు మెరిసేదాకా శుభ్రం చేయండి. మట్టి, పాత రంగు, గ్యాస్కెట్ జిగురు ఉంటే కొలత తప్పుతుంది. విరిగినదాని పక్కనే అలాంటిదే బాగున్న స్టడ్డు ఉంటే దాన్నే కొలవండి. ఏ రంధ్రంలోది ఏదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. టైమింగ్ కవర్, వాటర్ పంపు బోల్టులు ఒకే లావున్నా పొడవుల్లో తేడా ఉంటుంది. పొడవుది పొట్టి చోట పెట్టి బిగిస్తే వెనక ఉన్నదాన్ని పొడుస్తుంది.

2. అంగుళమా, మిల్లీమీటరా తేల్చండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

బండి పుట్టుక చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మాస్సీ 1035 ఇంజన్ పెర్కిన్స్ వంశం, బి-275 బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్, ఫోర్డ్ 3600 పేరులోనే ఉంది. ఈ మూడూ అంగుళం బండ్లే, థ్రెడ్డు యూఎన్‌సీ లేదా యూఎన్‌ఎఫ్. యూఎన్‌సీ అంటే ముతక థ్రెడ్డు, యూఎన్‌ఎఫ్ అంటే సన్న థ్రెడ్డు. హెచ్‌ఎంటీకి మూలం చెకోస్లోవేకియా జెటోర్, అది మెట్రిక్. బావుల దగ్గర ఇంకా తిరుగుతున్న లిస్టర్ రకం పాత ఆయిల్ ఇంజన్లది పాత బ్రిటిష్ విట్‌వర్త్ కుటుంబం.

బండి పుట్టుకను మాత్రమే నమ్మకండి. నలభై ఏళ్ళలో ఆ ఇంజన్ మీద ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టి ఉంటారు, ఎవరో రంధ్రం పెద్దది చేసి కొత్త ట్యాపు కొట్టి ఉంటారు. ప్రతి రంధ్రాన్నీ విడిగా చూడాలి.

లావు కొలవండి. పక్కన థ్రెడ్డు లెక్క, బోల్టు తలకు పట్టే పానా కూడా ఇస్తున్నాను:

- 5/16 అంగుళం: సుమారు 7.9 మి.మీ. యూఎన్‌సీ అయితే అంగుళానికి 18 పళ్ళు, యూఎన్‌ఎఫ్ అయితే 24. పానా 1/2.
- 3/8: సుమారు 9.5 మి.మీ. 16 లేదా 24. పానా 9/16.
- 7/16: సుమారు 11.1 మి.మీ. 14 లేదా 20. పానా 5/8.
- 1/2: 12.7 మి.మీ. 13 లేదా 20. పానా 3/4.
- ఎం8 (మెట్రిక్, లావు 8 మి.మీ.): పిచ్ 1.25 మి.మీ., పానా 13.
- ఎం10: పిచ్ 1.5, పానా 17 (కొత్తవాటికి 16).
- ఎం12: పిచ్ 1.75, పానా 19 (కొత్తవాటికి 18).

మెట్రిక్‌లోనూ సన్న థ్రెడ్లు ఉంటాయి, ఎం10కి 1.25, ఎం12కి 1.5 లేదా 1.25 అలా. అసలు కొలత పైన చెప్పినదానికంటే 0.1, 0.2 మి.మీ. తక్కువ రావడం మామూలే, థ్రెడ్డు కొసలు అరిగి ఉంటాయి. పానాను బట్టి మాత్రమే తీర్పు చెప్పకండి. 3/4 అంగుళం అంటే 19.05 మి.మీ. కాబట్టి 19 పానా అర అంగుళం బోల్టుకూ ఎం12కూ రెండింటికీ పడుతుంది.

ఇప్పుడు థ్రెడ్డు లెక్క. పిచ్ గేజ్ ఆకును థ్రెడ్డులో కూర్చోబెట్టి వెనక నుంచి వెలుతురు పడేలా పట్టుకోండి. సరైన ఆకైతే సందులోంచి వెలుతురు రాదు. గేజ్ లేకపోతే మొదటి పన్ను కొస నుంచి పదకొండో పన్ను కొస దాకా దూరం వెర్నియర్‌తో కొలిచి పదితో భాగించండి. అంగుళానికి ఎన్ని పళ్ళో కావాలంటే 25.4ను ఆ పిచ్‌తో భాగించండి.

ఇంకా తేలిక దారి ఒకటుంది. సైజు తెలిసిన కొత్త బోల్టు తెచ్చి, పాతదాని పక్కన పళ్ళలో పళ్ళు దిగేలా ఆనించి కిటికీ వైపు ఎత్తి చూడండి. 3/8 యూఎన్‌సీ పిచ్ 1.5875 మి.మీ., ఎం10ది 1.5. మొదటి రెండు పళ్ళు చక్కగా కలుస్తాయి, తేడా ఏమీ లేదనిపిస్తుంది. ఐదో పన్నుకు సన్నగా వెలుతురు గీత కనబడుతుంది. పదో పన్ను దగ్గరికి వచ్చేసరికి 0.9 మి.మీ. దాకా తేడా వచ్చి, ఇటు పన్ను అటు పన్ను నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. “రెండు చుట్లు వెళ్ళింది కదా, అదే సైజు” అని పానా వేసి తిప్పితే పోత ఇనుములోని థ్రెడ్డు పొడి పొడి కావడానికి కారణం ఇదే. 5/16 రంధ్రంలో ఎం8 పెట్టడం మన షెడ్లలో అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు.

విట్‌వర్త్ విషయం ఒక్క మాటలో: 5/16, 3/8, 7/16 సైజుల్లో విట్‌వర్త్, యూఎన్‌సీ పళ్ళ లెక్క ఒకటే, కోణం వేరు. విట్‌వర్త్‌ది 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. అందుకే నట్టు ఎక్కుతుంది కానీ పళ్ళ అంచులే పట్టుకుంటాయి. 1/2 సైజులో లెక్కే వేరు, విట్‌వర్త్‌కు 12, యూఎన్‌సీకి 13.

స్టడ్డు అయితే రెండు కొసలూ విడివిడిగా కొలవండి. బ్లాకులోకి వెళ్ళే వైపు ముతక థ్రెడ్డు, నట్టు వైపు సన్న థ్రెడ్డు ఉండటం పాత అంగుళం ఇంజన్లలో మామూలు.

3. బలం గుర్తు చూడండి

మెట్రిక్ బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని ఉంటుంది. అంగుళం బోల్టు మీద గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, దాదాపు 8.8తో సమానం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8, దాదాపు 10.9. ఏ గుర్తూ లేకపోతే మెత్త ఇనుమనే లెక్క. 8.8 అంకె పక్కన తయారీదారు గుర్తు కూడా ఉండాలి, టీవీఎస్, అన్‌బ్రాకో లాంటివి. ఒట్టి అంకె మాత్రమే ఉంటే నేను కొనను.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు తుప్పు పట్టదని ఇంజన్‌కు వేసేవాళ్ళున్నారు. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు 8.8 కంటే బలం తక్కువ, పైగా స్టెయిన్‌లెస్ నట్టుతో బిగిస్తే థ్రెడ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బానెట్‌కు, లైట్లకు వేసుకోండి.

4. ఎక్కడ వెతకాలి

ట్రాక్టర్ స్పేర్ల షాపుతో మొదలుపెట్టండి, అక్కడ లేదంటే ఆగిపోకండి. అంగుళం బోల్టుకు జీపు సామాను అమ్మే పాత షాపు మంచి చోటు, పాత జీపులన్నీ యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ బండ్లే. మెట్రిక్ అయితే టాటా లారీ సామాను షాపు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు వాళ్ళు బండల ఫ్యాక్టరీలకు సామాను వేసే హార్డ్‌వేర్ షాపుల్లో హైటెన్సిల్ బోల్టులు అడిగి చూడండి.

జిల్లాలో దొరకకపోతే కర్నూలు వాళ్ళకు సికింద్రాబాద్ రాణిగంజ్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, జేసీ రోడ్డు, కడప వాళ్ళకు చెన్నై పుదుపేట దగ్గర. ఊరికే బండెక్కవద్దు. వెర్నియర్ పక్కన పెట్టి తీసిన ఫోటో, సైజు రాసిన కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపించి, ఉందన్నాకే కదలండి.

హెచ్‌ఎంటీ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని 2016లో మూసేయాలని కేంద్రం నిర్ణయించింది, కాబట్టి పేరుతో వెతికితే రోజురోజుకూ కష్టమే. కానీ బోల్టులు మెట్రిక్ కాబట్టి సైజుతో వెతికితే అందరికంటే తేలిగ్గా దొరికేది మీకే.

5. దొరకకపోతే చేయించడం

మొదటి ప్రత్యామ్నాయం, నాకు అన్నిటికంటే నచ్చింది: పొడవైన గ్రేడ్ 5 అంగుళం బోల్టు కొనండి. తల కింద నున్నటి భాగం తగినంత ఉన్నది చూసుకోండి. తల కోయించి ఆ వైపు యూఎన్‌ఎఫ్ డై వేయిస్తే స్టడ్డు తయారు. ఒకవైపు ఫ్యాక్టరీ థ్రెడ్డు అలాగే ఉంటుంది, ఇనుము బలం ఎంతో మీకు తెలుసు. 12.9 అలెన్ బోల్టుతో ఈ పని చేయబోతే చేతి డై పళ్ళు పోతాయి.

రెండోది కడ్డీ నుంచి చేయించడం. లేత్ ఆయన చేతికి పాత ముక్క ఇచ్చి “ఇలాంటిదే చెయ్యి అన్నా” అని వచ్చేయకండి. కాగితం మీద బొమ్మ గీసి మొత్తం పొడవు, రెండు వైపులా థ్రెడ్డు పొడవు, మధ్య లావు, థ్రెడ్డు పేరు, ఇనుము రకం రాసివ్వండి. ఇనుము విషయంలో:

- బ్రాకెట్లు, రేకు కవర్లకు మెత్త ఇనుము చాలు.
- మేనిఫోల్డ్, వాటర్ పంపుకు ఈఎన్8 (ఈఎన్ అంకెలు ఉక్కు రకాల పేర్లు). మామూలుగా వచ్చే ఈఎన్8 కడ్డీ 8.8తో సమానం కాదు, అయినా ఈ పనులకు సరిపోతుంది.
- తప్పనిసరై హెడ్ స్టడ్డు చేయిస్తే గట్టిపరచి, టెంపర్ చేసి (పెళుసుదనం పోయేలా మళ్ళీ మితంగా వేడి చేసి) వచ్చిన ఈఎన్19 లేదా ఈఎన్24 కడ్డీ, ఏ కడ్డీయో బిల్లు మీద రాయించుకుని. ఒకటే మార్చకుండా మొత్తం సెట్టు చేయించండి.

ఇల్లు కట్టగా మిగిలిన కమ్మీతో స్టడ్లు చేయకండి. లేత్ మీద చేశాక “గట్టిపడుతుంది” అని ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం కూడా వద్దు. టెంపర్ చేయకపోతే అది గాజులా పెళుసై, బిగించేటప్పుడు కాకపోతే మడిలో తెగుతుంది.

లేత్ దగ్గర నిలబడి ఈ మూడూ గమనించండి. డై వేసేముందు కడ్డీ కొసను ఏటవాలుగా తీయాలి. థ్రెడ్డు వేసే చోట లావు అసలు సైజుకంటే 0.1 మి.మీ. తక్కువ ఉండాలి. డైని అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ, నూనె పోస్తూ పోవాలి. థ్రెడ్డు ఆగిన చోట లోతుగా, పదునుగా గాడి పడితే ఆ ముక్క తీసుకోకండి, ముందు ముందు తెగేది అక్కడే.

6. విరిగిన ముక్కను బయటికి తీయడం

ముక్క పైకి కనిపిస్తుంటే రాత్రంతా డబ్ల్యూడీ-40 లాంటి నూనెలో నాననివ్వండి. తర్వాత స్టడ్డు చుట్టూ ఉన్న పోత ఇనుమును గ్యాస్‌తో వేడి చేసి, స్టడ్డు మొదట్లో కొవ్వొత్తి ముక్క ఆనించండి. మైనం కరిగి థ్రెడ్డులోకి దిగుతుంది. అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ తీయాలి, ఒకే వైపు గుంజకూడదు. గ్యాస్ పెట్టేముందు డీజిల్ కారిన చోట్లన్నీ తుడిచేయండి.

లోపలికి విరిగిపోతే పైన నట్టు పెట్టి, నట్టు రంధ్రం నుంచి లోపలి ముక్కకు వెల్డింగ్ చేయించడం మంచి దారి. ఆ వేడికే సగం పట్టు వదులుతుంది. పూర్తిగా ఎర్రదనం పోయాక తిప్పండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు రెండూ, ఆల్టర్నేటర్ తీగా విప్పేయాలి.

డ్రిల్లు వేయాల్సి వస్తే నట్టనడుమ పంచ్ కొట్టి, 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టండి. ఈజీ-అవుట్‌తో (విరిగిన ముక్కలో దింపి వెనక్కు తిప్పే పనిముట్టు) గట్టిగా గుంజకండి. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్‌కు లొంగదు, పని పదింతలు అవుతుంది.

రంధ్రంలో థ్రెడ్డు ఇంకా బాగుంటే అదే సైజు ట్యాపు ఒకసారి పోనిచ్చి శుభ్రం చేస్తే చాలు. పాడైతే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త థ్రెడ్డుగా కూర్చునే తీగ స్ప్రింగు) వేయించండి, అసలు సైజు అలాగే నిలుస్తుంది. హెలికాయిల్‌కు దాని సొంత డ్రిల్లు, సొంత ట్యాపు ఉంటాయి, మామూలువి పనికిరావు. స్ప్రింగు పై అంచు ఉపరితలం కంటే పావు నుంచి అర చుట్టు కిందికి దిగాలి. పెద్ద సైజుకు కొత్త ట్యాపు కొట్టించడం ఆఖరి దారి. అలా చేస్తే 3/8 యూఎన్‌సీకి 8 మి.మీ., ఎం10×1.5కి 8.5, ఎం12×1.75కి 10.2 డ్రిల్లు వేయమనండి.

7. బిగించడం

ముందు చేత్తోనే తిప్పాలి. పానా లేకుండా కనీసం ఐదారు చుట్లు హాయిగా వెళ్ళకపోతే ఆపి, మళ్ళీ రెండో అంచెకు వెళ్ళండి.

అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె, నీళ్ళు ఉంచి స్టడ్డు బిగించకండి. ద్రవం నలగదు, ఆ ఒత్తిడికి బ్లాకే పగులుతుంది. గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, గాలి కొట్టి, అప్పుడు పెట్టండి. గాలి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు మరవొద్దు. రంధ్రం నీళ్ళ జాకెట్‌లోకి తెరుచుకుని ఉంటే థ్రెడ్డుకు సీలెంట్ పూయాలి. పోత ఇనుములో స్టడ్డు తన లావుకు ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు ఇత్తడి నట్లు, కాస్త గ్రాఫైట్ గ్రీజు వేస్తే తర్వాతిసారి విప్పేటప్పుడు విరగవు.

టార్క్ లెక్క మీ బండి మాన్యువల్‌లో ఏ ప్రమాణంలో ఉందో చూసుకోండి. పాత పుస్తకాల్లో ఫుట్-పౌండ్లు ఉంటాయి, పానా మీద న్యూటన్ మీటర్లు. ఫుట్-పౌండ్లను 1.356తో, కిలోగ్రామ్-మీటర్లను 9.81తో గుణించాలి. పుస్తకంలో 60 ఫుట్-పౌండ్లు ఉంటే పానా మీద 81 పెట్టాలి. నేరుగా 60 పెడితే వదులుగా ఉండి గ్యాస్కెట్ పోతుంది.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

- మూలమట్టం ఆనించి చూస్తే స్టడ్డు నిటారుగా ఉండాలి. వంగి ఉంటే మేనిఫోల్డ్ బలవంతంగా ఎక్కుతుంది, చెవి విరుగుతుంది.
- బిగించాక నట్టు పైన ఒకటి రెండు పళ్ళు కనిపించాలి.
- టార్క్ రాకముందే మెత్తగా తిరుగుతూ పోతుంటే థ్రెడ్డు ఊడుతోందనో, స్టడ్డు సాగుతోందనో అర్థం. అక్కడే ఆపండి.
- తీసిన పాత బోల్టు మళ్ళీ వాడాలనుకుంటే కొత్త నట్టును వేళ్ళతో చివరిదాకా తిప్పండి. మధ్యలో ఒకచోట బిగుసుకుంటే ఆ బోల్టు సాగింది, పక్కన పెట్టేయండి.
- నట్టు మీది నుంచి మేనిఫోల్డ్ మీదికి పెయింట్‌తో సన్న గీత గీయండి. ఒకరోజు సేద్యం చేశాక గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగినట్టే. ఇంజన్ చల్లారాక మళ్ళీ బిగించండి.
- ఎగ్జాస్ట్ జాయింట్ దగ్గర నల్లటి మసి గీత ఉందేమో, నీళ్ళ వైపు స్టడ్డు మొదట్లో తడి ఉందేమో మరుసటి రోజు చూడండి.

రాగి వాషర్ల గురించి కూడా చాలామంది అడుగుతారు. డీజిల్ పైపుల రాగి వాషర్ దొరకకపోతే పాతదాన్నే ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. రెండు వైపులా సన్న ఎమరీ కాగితం మీద రుద్ది వాడండి. ఇంజెక్టర్ కింది వాషర్ అయితే అదే మందం ఉన్న కొత్తదే వేయాలి, రెండు కలిపి పెట్టకండి, ఇంజెక్టర్ కొస పైకి లేచి పొగ మొదలవుతుంది.

ట్రాక్టర్ పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే పిల్లలు ఇంట్లో ఉంటే, అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి కోర్సుల వివరాలు కనుక్కోండి.

చేయించేటప్పుడు ఒకటి కావాల్సిన చోట నాలుగు చేయించండి, లేత్ ఆయనకు డై బిగించే శ్రమ ఒకసారే. మిగిలినవాటికి గ్రీజు పూసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపల సైజు రాసిన చీటీ వేసి టూల్ బాక్సులో ఉంచండి.